లైనుకొక ఐటమ్: ఫర్ లూపు రాసినవాడు తక్కువవాడేం కాదు

పైథాన్ ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లని అడిగే అతి చిన్న ప్రశ్నల్లో ఇదొకటి. "నీ దగ్గర ఒక లిస్టు ఉంది. అందులో ఉన్నవన్నీ లైనుకొకటి చొప్పున ప్రింట్ చెయ్యి." అంతే. వచ్చినవాడి బెరుకు పోగొట్టడానికి అడిగే ప్రశ్న. పెళ్ళిచూపుల్లో "ఏం చదువుకున్నావమ్మా?" అని అడిగినట్టన్నమాట :) జవాబు అందరికీ తెలిసిందే. అడిగేవాడికి కూడా దానిమీద పెద్ద ఆసక్తేమీ ఉండదు.

అయితే ఈ మధ్య కొందరు ఇదే ప్రశ్నతో మనుషుల్ని వడకట్టడం మొదలుపెట్టారు. జవాబు పని చేస్తుందా లేదా అని కూడా చూడరు, ఎన్ని లైన్లలో రాశాడో చూస్తారు. ఫర్ లూపు పెట్టి రెండు లైన్లలో రాస్తే "ఆఁ, ఏదో బేసిక్స్ వచ్చు" అంటారు. ప్రింట్ లోపల లిస్టు ముందు ఒక స్టార్ గుర్తు పెట్టి, సెపరేటరుగా న్యూలైన్ ఇచ్చి, ఒక్క లైన్లో తేల్చేస్తే "వీడికి పైథాన్ బాగా వచ్చురా" అంటారు. మా ఆఫీసులో ఇంటర్వ్యూలు చేసే మిత్రుడొకాయన ఒక అబ్బాయి ఫీడ్‌బ్యాక్ ఫారంలో "నాట్ పైథానిక్" అని రాయడం నేను చూశాను. ఆ అబ్బాయి చేసిన నేరమల్లా ఫర్ లూపు రాయడమే!

నా మటుకు నాకు ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. ఆ రెండు లైన్ల ఫర్ లూపే ఉన్న జవాబులన్నిట్లోకీ గట్టిది. ఒక్క లైను జవాబు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, కొన్ని చోట్ల చతికిలబడుతుంది. పైగా ఈ ప్రశ్నలో అసలు పరీక్షించాల్సిన సంగతి వేరే ఉంది. "ఈ అవుట్‌పుట్ ఎవరు చదువుతారు?" అనే ఆలోచన అవతలివాడికి వస్తుందా రాదా అన్నది. ఎందుకిలా అంటున్నానో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందసలు ఈ ప్రశ్న ఎందుకు పుట్టిందో చూద్దాం. లిస్టుని ఉన్నదున్నట్టు ప్రింట్ చెయ్యమంటే పైథాన్ ఇలా చూపిస్తుంది: ['ఇడ్లీ', 'దోశ', 'వడ']. మనమడిగింది టిఫిన్ల పేర్లు. అది బ్రాకెట్లు, కొటేషన్లు, కామాలు కూడా కలిపి వడ్డించింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇది చిరాకు. "ఇవన్నీ ఎందుకొచ్చాయి సార్?" అని అడుగుతారు. "లూపు పెట్టు, పోతాయి" అని చెప్పి ఊరుకుంటాం. ఎందుకొచ్చాయో మాత్రం చెప్పం.

వాటికో కారణం ఉంది. కొటేషన్లు లేకపోతే 10 అనే సంఖ్యా, '10' అనే స్ట్రింగూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. 'బ్రాడీపేట, గుంటూరు' అనే ఒకే ఒక్క ఐటమ్ చూసేవాళ్ళకి రెండు ఐటమ్స్ లాగా అనిపిస్తుంది. 'రమేష్ ' అని పేరు చివర ఒక స్పేసు ఉండిపోతే అది కంటికి ఆనదు, ఆ స్పేసు వల్లే డేటాబేసులో పేరు దొరక్క మనం సాయంత్రం దాకా జుట్టు పీక్కుంటాం. కొటేషన్లు ఉంటే ఒక్క చూపులో దొరికిపోతుంది. అంటే ఆ రూపం తప్పేమీ కాదు. అది ప్రోగ్రామరు కోసం తయారైన రూపం. లోపలున్నదేమిటో అనుమానానికి తావు లేకుండా చూపించడం దాని పని.

చాలా భాషల్లో ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. పైథాన్‌లో ఒక విలువని మామూలుగా చూపించడానికి స్ట్ర్ అనీ, ప్రోగ్రామరుకి చూపించడానికి రెప్ర్ అనీ రెండున్నాయి. లిస్టుని ప్రింట్ చేస్తే లోపలి ఐటమ్స్‌కి రెప్ర్ రూపమే వాడుతుంది, కొటేషన్లు వచ్చేది అందుకే. రూబీలో ఈ తేడా ఇంకా తేటగా ఉంటుంది. పుట్స్ అంటే లిస్టుని లైనుకొకటి చొప్పున చూపిస్తుంది, పి అంటే బ్రాకెట్లతో సహా చూపిస్తుంది. ఎవరికి చూపిస్తున్నావో నువ్వే చెప్పు అంటుందన్నమాట. ఇక జావాలో ఇంటీజర్ల అర్రేని తిన్నగా ప్రింట్ చేస్తే ఏమొస్తుందో కాలేజీ ల్యాబుల్లో కూర్చున్న మనందరికీ గుర్తే. ఒక చతురస్ర బ్రాకెట్టు, ఐ అక్షరం, ఎట్ గుర్తు, ఆ తర్వాత ఏదో హెక్సాడెసిమల్ సంఖ్య. ప్రోగ్రామరుకీ పనికిరాదు, మామూలు మనిషికీ పనికిరాదు :) 2004లో వచ్చిన జావా 5లో అర్రేల్లో ఉన్నది చూపించే టుస్ట్రింగ్ మెథడ్ చేర్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

ఈ తేడా తెలుగువాళ్ళకి మరీ బాగా తగులుతుంది. పైథాన్ 2 రోజుల్లో తెలుగు మాటల లిస్టుని ప్రింట్ చేసినవాళ్ళకి తెలుసు. 'అమ్మ' అనే మాట ఉన్న లిస్టుని ప్రింట్ చేస్తే అమ్మ కనిపించదు. బ్యాక్‌స్లాష్, యు అక్షరం, 0సి05 లాంటి కోడు... ఇలాంటివి నాలుగు వరసగా వస్తాయి. ఎందుకంటే యూనికోడ్ లెక్కలో అమ్మ అంటే అ, మ, పొల్లు, మ అని నాలుగు కోడ్ పాయింట్లు. ఆ రోజుల్లో రెప్ర్ ఆస్కీ దాటి ఏ అక్షరాన్నీ నేరుగా చూపించేది కాదు. అదే లిస్టుని లూపు పెట్టి లైనుకొకటి చొప్పున ప్రింట్ చేస్తే, టెర్మినల్ సెట్టింగులు సరిగ్గా ఉంటే, చక్కగా అమ్మ అని వచ్చేది. డేటా పాడైపోయిందనుకుని ఎన్‌కోడింగులు మార్చి మార్చి చూసినవాళ్ళు ఎంతమందో! డేటాకి ఏమీ కాలేదు. చూసే ముఖం వేరు, అంతే.

2008 డిసెంబరులో పైథాన్ 3 వచ్చింది. అందులో ఈ రెప్ర్ పద్ధతి మార్చారు. ప్రింటు చెయ్యదగ్గ అక్షరమైతే ఏ లిపిదైనా ఉన్నదున్నట్టు చూపించాలని నిర్ణయించారు. దాంతో ['అమ్మ', 'నాన్న'] అని లిస్టులో కూడా తెలుగు తెలుగులాగే కనిపించడం మొదలైంది. కథ సుఖాంతం అనుకుంటున్నారా? పూర్తిగా కాదు. 'సాఫ్ట్‌వేర్' అని లిస్టులో పెట్టి ప్రింట్ చేసి చూడండి. సాఫ్ట్ అన్నదానికీ వేర్ అన్నదానికీ మధ్య బ్యాక్‌స్లాష్, యు, 200సి అని ఒక తోక కనిపిస్తుంది. ట్ కింద వ వత్తు పడి 'సాఫ్ట్వేర్' అయిపోకుండా మనం మధ్యలో పెట్టే కంటికి కనిపించని అక్షరం అది, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. యూనికోడ్ దాన్ని ఫార్మాట్ అక్షరాల జాబితాలో వేసింది. పైథాన్ లెక్కలో ఆ జాబితాలోవి ప్రింటు చెయ్యదగ్గవి కావు. అందుకే బయటపెట్టేస్తుంది. హార్డ్‌వేర్, ఫేస్‌బుక్, ఫీడ్‌బ్యాక్... మనం ఆ అక్షరం పెట్టి రాసుకునే ఇంగ్లీషు మాటలన్నిటికీ ఇదే గతి. లైనుకొకటి చొప్పున ప్రింట్ చేస్తే మాత్రం ఈ తోక రాదు. తెలుగు డేటాతో పని చేసేవాడికి ఆ ఫర్ లూపు అందం కోసం కాదండీ, అవసరం.

సరే, ఇక లైను సంగతికొద్దాం. లైనుకొకటి అనే పద్ధతికి ఇంత గిరాకీ ఎందుకంటే, అది రెండు ప్రోగ్రాముల మధ్య ఉన్న ఒక పాత ఒప్పందం. యూనిక్స్‌లో పైపులొచ్చింది 1973లో. ఒక ప్రోగ్రాము అవుట్‌పుట్ ఇంకోదానికి ఇన్‌పుట్ అవుతుందని అనుకుని రాయండి, అనవసరమైన అలంకారాలు కలపకండి అని డగ్ మెక్‌ల్రాయ్, ఆయన సహచరులు 1978లో బెల్ సిస్టం టెక్నికల్ జర్నల్‌లో చెప్పారు. గ్రెప్, సార్ట్, యూనిక్, డబ్ల్యూసీ... ఇవన్నీ లైను అంటే ఒక రికార్డు అనే నమ్మకం మీదే బతుకుతున్నాయి.

మనం రోజుకి వందసార్లు కొట్టే ఎల్‌ఎస్ కమాండే చూడండి. టెర్మినల్ మీద కొడితే ఫైళ్ళ పేర్లు వరసలుగా, కాలమ్స్‌లో చూపిస్తుంది. అదే ఇంకో ప్రోగ్రాముకి పైపు చేస్తే లైనుకొక పేరు చొప్పున ఇస్తుంది. చదివేది మనిషా, ప్రోగ్రామా అని చూసుకుని తన రూపం తనే మార్చుకుంటుంది. ఎన్నో ఏళ్ళ నాటి కమాండుకున్న ఈ ఇంగితం మనం రాసే స్క్రిప్టులకి ఎందుకుండకూడదు?

ఇప్పుడు ఇంటర్వ్యూ జవాబులని ఈ కొలతతో కొలుద్దాం. ముఖ్యంగా మూడున్నాయి. ఒకటి, ఫర్ లూపు పెట్టి ఒక్కో ఐటమ్‌నీ ప్రింట్ చెయ్యడం. రెండు, స్టార్ పెట్టి, సెపరేటరు న్యూలైన్ ఇవ్వడం. మూడు, న్యూలైన్‌తో జాయిన్ చేసి వచ్చిన ఒక్క స్ట్రింగునీ ప్రింట్ చెయ్యడం. మూడిటికీ తేడా లేదనీ, అభిరుచిని బట్టి ఏదైనా వాడొచ్చనీ చాలామంది అనుకుంటారు. ఇడ్లీ, దోశ, వడ ఉన్నంతసేపూ తేడా లేదు. ప్లేటు ఖాళీ అయినప్పుడు చూడాలి :)

లిస్టు ఖాళీగా ఉందనుకోండి. ఫర్ లూపు ఒక్కసారి కూడా తిరగదు, ఏమీ ప్రింట్ కాదు. స్టార్ పద్ధతీ, జాయిన్ పద్ధతీ మాత్రం ఒక ఖాళీ లైను ప్రింట్ చేస్తాయి. ఎందుకంటే ప్రింట్‌ని ఒకసారి పిలిచాం కదా, లోపల ఏమీ లేకపోయినా చివర న్యూలైన్ పెట్టడం దాని అలవాటు. తెర మీద చూసే మనిషికి ఇదొక లెక్కలోది కాదు. లైన్లు లెక్కపెట్టే ప్రోగ్రాముకి మాత్రం సున్నాకీ ఒకటికీ ఉన్నంత తేడా. మీ స్క్రిప్టు ఆ రోజు పేమెంట్ ఫెయిలైన ఆర్డర్ల నంబర్లు ఇస్తుందనుకుందాం. దాని వెనకాల ఇంకో స్క్రిప్టు లైన్లు లెక్కపెట్టి, సున్నా కన్నా ఎక్కువుంటే ఆన్‌కాల్‌లో ఉన్నవాడికి ఫోన్ కొడుతుంది. ఒక్క ఆర్డరూ ఫెయిలవని మంచిరోజున, రాత్రి రెండింటికి, ఆ ఖాళీ లైను కోసం ఒక మనిషి నిద్ర లేస్తాడు. "నాట్ పైథానిక్" అనిపించుకున్న లూపు రాసి ఉంటే పాపం హాయిగా పడుకునేవాడు.

రెండో తేడా, ఐటమ్స్ స్ట్రింగులు కానప్పుడు. జాయిన్‌కి స్ట్రింగులే కావాలి. లిస్టులో ఒక్క సంఖ్య ఉన్నా టైప్ ఎర్రర్ ఇచ్చి కూర్చుంటుంది. లూపూ, స్టారూ సంఖ్యల్ని కూడా మారు మాట్లాడకుండా ప్రింట్ చేస్తాయి.

మూడోది, లిస్టు మరీ పెద్దదైనప్పుడు, లేదా ఐటమ్స్ ఒక్కొక్కటే తయారవుతూ జనరేటరు నుంచి వస్తున్నప్పుడు. స్టారూ, జాయినూ మొత్తం అన్నీ చేతికొచ్చేదాకా ఆగుతాయి, అన్నిటినీ మెమరీలో పోగేస్తాయి. లూపు వచ్చినదాన్ని వచ్చినట్టు పంపించేస్తుంది. పది ఐటమ్స్‌కి ఇది పట్టింపు కాదు. పది లక్షల రికార్డులకి, అందులోనూ మధ్యలో ఒకటి ఎర్రరిస్తే, అప్పటిదాకా వచ్చినవి మిగిలాయా లేదా అన్నది పట్టింపే.

ప్రింట్ వదిలేసి ఫైల్లోకి రాసేటప్పుడు ఇంకో తమాషా ఉంది. న్యూలైన్‌తో జాయిన్ చేసి ఫైల్లో రాస్తే ఐటమ్స్ మధ్యలో న్యూలైన్లు ఉంటాయి గానీ, చివరి ఐటమ్ తర్వాత ఉండదు. పోసిక్స్ నిర్వచనం ప్రకారం లైను అంటే చివర న్యూలైన్‌తో ముగిసేది. అంటే న్యూలైన్ ఐటమ్స్ మధ్య పెట్టే కామా లాంటిది కాదు, ప్రతి వాక్యం చివరా పెట్టే ఫుల్‌స్టాప్ లాంటిది. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం గొడవలు తీరిపోతాయి. అలా రాసిన 500 నంబర్ల ఫైలుని డబ్ల్యూసీతో లైన్లు లెక్కపెట్టమంటే 499 అంటుంది. షెల్ స్క్రిప్టులో వైల్ రీడ్ లూపు పెట్టి ఒక్కో నంబరుకీ ఎస్సెమ్మెస్ పంపమంటే చివరివాడికి వెళ్ళదు. ఆ చివరివాడు ఎప్పుడూ ఫోన్ చేసి అడగడు, మనకీ ఎప్పటికీ తెలియదు. ఇక రైట్‌లైన్స్ అనే మెథడ్ ఉంది, పేరు చూసి మోసపోకండి. పేరులో లైన్స్ ఉన్నా అది న్యూలైన్లు కలపదు, ఇడ్లీదోశవడ అని ఒకే ముద్దగా రాసి పెడుతుంది.

నాలుగో జవాబు కూడా ఒకటి తగులుతూ ఉంటుంది. లిస్ట్ కాంప్రహెన్షన్ లోపల ప్రింట్ పెట్టడం. ఇది ఒక్క లైన్లోనే అయిపోతుంది కాబట్టి కొందరికి మహా ఇష్టం. కానీ కాంప్రహెన్షన్ ఉన్నది కొత్త లిస్టు తయారు చెయ్యడానికి. ప్రింట్ ఏమీ తిరిగివ్వదు కాబట్టి నన్ అనే విలువలతో నిండిన ఒక పనికిరాని లిస్టు తయారవుతుంది. ఇంటరాక్టివ్ షెల్‌లో అయితే అదీ తెర మీద ప్రత్యక్షమవుతుంది. దీన్ని పైథానిక్ అనేవాళ్ళకి ఒక మాట. పైథాన్ ధర్మసూక్ష్మాలుగా అందరూ చెప్పుకునే, టిమ్ పీటర్స్ రాసిన పెప్ 20లో తెలివి ప్రదర్శించమని ఎక్కడా లేదు. చదవడానికి వీలుగా ఉండటం ముఖ్యమనీ, సులువైనది మేలనీ ఉంది. ఆ లెక్కన ఫర్ లూపు కన్నా పైథానిక్ ఏముంటుంది?

అలాగని ఫర్ లూపు సర్వరోగనివారిణి అనడం లేదు. ఐటమ్ లోపలే న్యూలైన్ ఉంటే ఏ పద్ధతైనా బోల్తా పడుతుంది. అడ్రసులు తీసుకోండి. మనవాళ్ళు ఫారం నింపేటప్పుడు డోర్ నంబరు రాసి ఎంటర్ కొడతారు, "రామాలయం పక్క సందు" అని రాసి మళ్ళీ ఎంటర్ కొడతారు. అలాంటి అడ్రసులు వంద ప్రింట్ చేస్తే మూడొందల లైన్లు రావచ్చు. ఎక్కడ ఏది మొదలైందో చదివే ప్రోగ్రాముకి తెలిసే దారి లేదు. యూనిక్స్‌లో ఫైలు పేర్లలో కూడా న్యూలైన్ ఉండొచ్చు. ఫైండ్ కమాండుకి ప్రింట్ జీరో అనీ, ఎక్స్ఆర్గ్స్‌కి సున్నా ఆప్షననీ పెట్టింది ఈ బాధ పడలేకే. అవి లైన్లు మానేసి నల్ అక్షరంతో ఐటమ్స్‌ని విడగొడతాయి. మన డేటా ఇలాంటిదైతే సీఎస్‌వీ లైబ్రరీయో, జేసనో వాడాలి. లైనుకొకటి అనే ఒప్పందం అక్కడ చెల్లదని గుర్తుపట్టడమే అసలైన అనుభవం.

అలాగే స్టార్ పద్ధతి పనికిరాదనీ కాదు. డీబగ్ చేసేటప్పుడు గబగబా చూసుకోవడానికి నేనూ అదే వాడతాను. మెయిల్ బాడీలోకో, మెసేజీలోకో ఒక్క స్ట్రింగు కావాలంటే జాయిన్‌ని మించింది లేదు. ఏది ఎక్కడ అన్నది తెలిసి వాడితే మూడూ మంచివే. నా గొడవల్లా ఒకటే. తెలిసి లూపు రాసినవాడినీ, ఏమీ తెలియక లూపు రాసినవాడినీ విడదీసే ప్రయత్నం చెయ్యకుండా, లైన్లు లెక్కపెట్టి మార్కులెయ్యడం అన్యాయం.

"పది ఐటమ్స్ ప్రింట్ చెయ్యడానికి ఇంత పురాణం అవసరమా?" అని మీరు అడగొచ్చు. మా మిత్రుడూ అదే అడిగాడు. తాత్కాలికంగా రాసిన ప్రింటుకున్న ఆయుష్షు పర్మనెంటు డిజైన్లకి కూడా ఉండదని నా సమాధానం. ఎవరో ఎప్పుడో చూసుకోవడానికి పెట్టిన అవుట్‌పుట్ మీద ఇంకెవరో స్క్రిప్టు రాసుకుంటారు. బ్రాకెట్లతో సహా ప్రింట్ చేసిన లిస్టుని, అటూ ఇటూ బ్రాకెట్లు కోసి, కామాల దగ్గర విడగొట్టి చదివే స్క్రిప్టులు మీ ఆఫీసులో లేవని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలరా? 'బ్రాడీపేట, గుంటూరు' వచ్చేదాకా అవి బాగానే నడుస్తాయి.

ఇంకో వాదన కూడా వింటుంటాను. "ఒక్క లైన్లో రాయగలిగాడంటే భాష లోతుగా చదివాడనేగా?" అని. అమీర్‌పేటలో ఏ కోచింగు సెంటరులోనైనా ఇంటర్వ్యూ ప్రశ్నలూ జవాబులూ అని నోట్సు దొరుకుతుంది. స్టార్ పెట్టడం అందులో ఉంటుంది. ఇప్పుడైతే ఆ నోట్సు కూడా అక్కర్లేదు, ఏ ఏఐని అడిగినా క్షణంలో నాలుగు పద్ధతులూ వరసపెట్టి ఇస్తుంది. అంటే మనం ఒక్క లైనుకి మార్కులేస్తున్నామంటే, నోట్సు బట్టీపట్టినవాడికి వేస్తున్నాం. మొదటి నుంచీ ఆలోచించుకుని లూపు రాసినవాడిని, బహుశా ఏ పల్లెటూరి కాలేజీలోనో సొంతంగా నేర్చుకుని బస్సెక్కి వచ్చినవాడిని, "బేసిక్స్ మాత్రమే" అని ఇంటికి పంపిస్తున్నాం. ఉద్యోగం అతనికి చిన్న విషయం కాదు కదా.

కాబట్టి ఇంటర్వ్యూలు చేసే మిత్రులకి నా విన్నపం ఇది. ఈ ప్రశ్న మానక్కర్లేదు, దీనికన్నా మంచి ప్రశ్న దొరకడం కష్టం కూడా. ఏ పద్ధతిలో రాసినా ఒప్పుకుని, తర్వాత నాలుగు మాటలు అడగండి. లిస్టు ఖాళీగా ఉంటే ఏమొస్తుంది? ఐటమ్ లోపల న్యూలైన్ ఉంటే? ఇది మనిషి చూస్తే ఎలా రాస్తావు, ఇంకో ప్రోగ్రాము చదివితే ఎలా రాస్తావు? తెలుగు పేర్లుంటే లిస్టుని తిన్నగా ప్రింట్ చేసి చూశావా ఎప్పుడైనా? ఇవి బట్టీపడితే వచ్చేవి కావు. తెలియకపోయినా పర్వాలేదు, ఆలోచించడం మొదలుపెడితే చాలు, ఆ మనిషి పనికొస్తాడు. అడిగిన వెంటనే పెన్ను పెట్టకుండా "ఇది ఎవరి కోసమండీ?" అని ఎదురు ప్రశ్న వేసినవాడుంటే మాత్రం, మిగతా రౌండ్లు వదిలేసి ఆఫర్ లెటర్ ఇచ్చెయ్యండి :)

ఫ్రెషర్లకి చెప్పేదేమిటంటే, లూపు రాసినందుకు ఎవరైనా మొహం చిట్లిస్తే బెదిరిపోకండి. "లిస్టు ఖాళీగా ఉన్నా ఇది తప్పు చెప్పదు సార్, మీరు చెప్పినది ఒక ఖాళీ లైను ఇస్తుంది" అని వినయంగా చెప్పండి. కావాలంటే అక్కడే రన్ చేసి చూపించండి. ఆ తర్వాత కూడా మార్కులు తగ్గించారంటే ఆ లోటు మీది కాదు.